అక్వేరియంలో ఇసుక: పలుచగా వేస్తేనే సుఖం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇసుక గురించే. రంగురాళ్లు తీసేసి ఇసుక వేద్దామా అని అడిగేవాళ్లు కొందరు, ఇప్పటికే వేసి, వాసన వస్తోందని టెన్షన్ పడుతున్నవాళ్లు కొందరు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ పేజీ మొత్తం ఇసుకకే ఇస్తున్నాను. మంచినీళ్ల అక్వేరియంలో ఇసుక చాలా బాగుంటుంది, అడిగిన ప్రతివాళ్లకూ నేను వేసుకోమనే చెబుతాను. కాకపోతే ఇసుకతో తలనొప్పి అని షాపువాళ్లు అనడం కూడా ఊరికే కాదు. ఆ తలనొప్పుల్లో చాలావరకు మందంగా వేయడం వల్ల, సరిగ్గా కడగకుండా వేయడం వల్ల వచ్చేవే.

ప్రశ్న: మా ఇంటి పక్కన కొత్త ఇల్లు కడుతున్నారు, ఇసుక కుప్ప పోసి ఉంది. వాళ్లనడిగి ఒక బకెట్ తెచ్చుకుని ట్యాంకులో వేయొచ్చా? షాపులో ప్యాకెట్ ఇసుక ధర చూస్తే వెనక్కి వచ్చేశాను.
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: వేయొచ్చమ్మా, కానీ ముందు అది ఏ ఇసుకో చూడండి. మన వైపు ఇళ్లకు రెండు రకాలు వాడుతున్నారు. ఒకటి గోదావరి, మానేరు నుంచి వచ్చే నది ఇసుక. రెండోది రోబో సాండ్, అంటే క్రషర్లో రాయిని పగలగొట్టి చేసేది. కొంచెం అరచేతిలో వేసుకుని వేలితో రుద్దితే తేడా తెలిసిపోతుంది. నది ఇసుక రేణువులు నీళ్లలో దొర్లి దొర్లి అంచులు అరిగి ఉంటాయి, తెలుపు, లేత పసుపు, గులాబి రేణువులు కలిసి కనిపిస్తాయి, అక్కడక్కడా అభ్రకం తళుక్కుమంటుంది. రోబో సాండ్ అంతా ఒకే బూడిద రంగులో ఉండి వేలికి గుచ్చుకుంటుంది, చేతికి పొడి అంటుతుంది. గ్రానైట్ పొడి వల్ల నీళ్లు పాడవ్వవు గానీ, ఆ పదును అడుగున తిరిగే చేపల మీసాలకు మంచిది కాదు, పైగా ఆ దుమ్ము ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు. రోబో సాండ్ అయితే వదిలేయండి.

నది ఇసుకే అయితే, కుప్ప అంచున కాకుండా లోపలి నుంచి తీసుకోండి. సిమెంట్ కలిపిన చోటికి దగ్గర్లో ఉన్నది అస్సలు వద్దు, కొంచెం సిమెంట్ కలిసినా నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పెరిగి చేపలు చచ్చిపోతాయి. వీధి కుక్కలు, పిల్లులు కుప్ప పైభాగాన్ని దేనికి వాడుకుంటాయో మీకు తెలుసు కదా, కాబట్టి పైపొర కూడా వద్దు.

తర్వాత జల్లెడ పట్టాలి. ఇంట్లో వంటకు వాడనివి పాత జల్లెళ్లు రెండుంటే చాలు. రవ్వ జల్లెడలో పైన మిగిలిపోయేవి పెద్ద రాళ్లు, వాటిని తీసేయండి. కిందికి దిగినదాన్ని పిండి జల్లెడలో పట్టి, అందులోంచి కారిపోయే మెత్తటి పొడిని కూడా పారేయండి. మధ్యలో మిగిలింది, సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల రేణువు, అదే మనక్కావాల్సింది. మరీ మెత్తగా ఉంటే ఇసుక గట్టిగా అణిగిపోయి లోపలికి నీళ్లు ఆడవు. మరీ దొడ్డుగా ఉంటే తిండి మెతుకులు సందుల్లోకి జారిపోతాయి, ఇక రాళ్లు వేసినా ఇసుక వేసినా ఒకటే అవుతుంది.

సున్నం పరీక్ష కూడా చేయండి. పొడి ఇసుక ఒక చెంచాడు గిన్నెలో వేసి మీద వెనిగర్ పోయండి. చెవి దగ్గర పెట్టుకుంటే చిన్నగా బుసబుస వినిపించినా, రేణువుల మీద బుడగలు వరసగా లేచినా అందులో నత్తగుల్లల ముక్కలో సున్నపురాయి ముక్కలో ఉన్నాయన్నమాట. అవి మెల్లగా కరుగుతూ నీళ్లను ఇంకా గట్టిపరుస్తాయి, అంటే నీళ్లలో సున్నం పెంచుతాయి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ముందే గట్టివి, ఇంకా పెంచుకోవడం ఎందుకు? వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి అనుమానం తీరకపోతే ఇంకో పద్ధతి ఉంది: ఒక సీసాలో మీ నీళ్లు, పిడికెడు కడిగిన ఇసుక వేసి వారం రోజులు ఉంచండి. పక్కనే ఇసుక లేకుండా అవే నీళ్లు ఇంకో సీసాలో పెట్టండి. ఆర్వో మెషీన్ ఉన్న ఇళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ఉంటే దాంతో రెండూ కొలవండి. ఇసుక ఉన్న సీసాలో అంకె బాగా పెరిగితే ఆ ఇసుక వద్దు.

ఇక కడగడం. బియ్యం కడిగినట్టే. బకెట్లో మూడో వంతు మాత్రమే ఇసుక వేసి, పైపు అడుగు దాకా దింపి, చెయ్యి పెట్టి కలుపుతూ పైనీళ్లు వంపేస్తూ పోవాలి. మొదట టీ రంగు నీళ్లు వస్తాయి, తర్వాత పాలరంగు, చివరికి తేటబడతాయి. కలిపిన చెయ్యి బకెట్ అడుగున కనిపించేదాకా ఆపొద్దు, ఓపిక పట్టాల్సింది ఇక్కడే. సబ్బు, సర్ఫ్ దగ్గరికి రానివ్వొద్దు. కొందరు ఇసుకను పొయ్యి మీద ఉడకబెడతారు, తడి ఇసుక అడుగున ఆవిరి చేరి ఒక్కసారిగా ఎగజిమ్మి చేతులు కాలే ప్రమాదం ఉంది. మన ఎండల్లో ఆ అవసరమే లేదు. డాబా మీద పట్టా పరిచి పలుచగా ఆరబోస్తే నాలుగైదు రోజుల్లో చుక్క తడి లేకుండా ఎండిపోతుంది, అందులో ఉన్న జలగలు, పురుగులు కూడా పోతాయి.

ఒక బకెట్ ఇసుక కోసం వాగులోకి దిగి తవ్వుకురావడం మాత్రం వద్దండి. వాగులో ఇసుక ఉంటేనే వర్షపు నీళ్లు అందులో ఇంకి ఒడ్డున ఉన్న బావుల్లోకి ఊరతాయి. కట్టుబడి దగ్గర మిగిలిన ఇసుక అడిగితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: అన్నా, నాది రెండడుగుల ట్యాంక్. ఎన్ని కిలోల ఇసుక తేవాలి? ఎక్కువ వేస్తే అందంగా ఉంటుందని ఫ్రెండ్ అంటున్నాడు. ట్యాంక్ చదువుకునే టేబుల్ మీద పెట్టొచ్చా?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: తమ్ముడూ, లెక్క తేలికే. పొడవు, వెడల్పు, ఇసుక మందం మూడూ సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి, దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే సుమారు కిలోలు. నీ ట్యాంక్ 60 × 30 అయితే, 3 సెంటీమీటర్ల మందానికి 5.4 లీటర్లు, అంటే 8 కిలోల చిల్లర. జల్లెడలో, కడగడంలో కొంత పోతుంది కాబట్టి పది, పన్నెండు కిలోలు తెచ్చుకో.

మందం విషయంలో మీ ఫ్రెండ్ మాట వినకు. మొక్కలు లేకపోతే 2 నుంచి 3 సెంటీమీటర్లు, వేరు మొక్కలు పెడితే 4 నుంచి 5, అంతకు మించి వద్దు. వెనకవైపు ఎత్తుగా కనిపించాలంటే అడుగున రాళ్లు పేర్చి పైన పలుచగా ఇసుక పోసుకో. పెద్ద రాళ్లు ఎప్పుడూ ఇసుక వేయకముందే అద్దం మీద పలుచటి థర్మోకోల్ ముక్క పరిచి దానిపై పెట్టాలి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వేస్తాయి, రాయి ఒరిగి అద్దానికి తగులుతుంది.

టేబుల్ సంగతి: 60 × 30 × 30 ట్యాంకులో నీళ్లు 50 లీటర్ల దాకా పడతాయి, ఇసుక, అద్దం బరువు కలిపితే 70 కిలోల దగ్గరికి వస్తుంది. ప్లైవుడ్ స్టడీ టేబుల్ దీనికి చాలదు. ఇనుప స్టాండ్ చేయించుకో, స్టాండుకీ ట్యాంకుకీ మధ్య థర్మోకోల్ షీట్ వేయడం మర్చిపోకు.

ప్రశ్న: నా ట్యాంకులో మూడు వేళ్ల ఎత్తు ఇసుక ఉంది. అద్దం పక్కన ఇసుకలో నల్లటి పట్టీ కనిపిస్తోంది. పుల్లతో కదిలిస్తే బుడగలు వచ్చి కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. మొత్తం ఇసుకని ఒక్కసారి కెలికేసి శుభ్రం చేయమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు సార్, ఒక్కసారి కెలకొద్దు. చేపలు లోపల ఉండగా ఆ పని చేస్తే తెల్లారేసరికి అన్నీ తేలిపోయే ప్రమాదం ఉంది.

మీ ఇసుక కింద ఏం జరుగుతోందో చెబుతాను. చేపలు వదిలేసిన తిండి, వాటి రెట్ట, రాలిన ఆకులు ఇసుకలోకి దిగి కుళ్లుతాయి. కుళ్లేటప్పుడు అక్కడున్న ఆక్సిజన్ అయిపోతుంది. పైన నీళ్లలోంచి ఆక్సిజన్ కిందికి దిగాలంటే ఇసుక మందం అడ్డం. అప్పుడు ఆక్సిజన్ లేకుండానే బతికే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. అది నీళ్లలో ఉండే సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతుంది. మీకొచ్చిన వాసన అదే. ఆ నల్లరంగు ఇసుకలోని ఇనుముతో ఆ సల్ఫైడ్ కలిసి ఏర్పడ్డది. ఈ వాయువు చేపలకు విషం. కొద్దికొద్దిగా పైకి వస్తే నీళ్లలోని ఆక్సిజన్‌తో కలిసి త్వరగానే విరిగిపోతుంది, అందుకే ఇన్నాళ్లూ మీ చేపలు బాగానే ఉన్నాయి. మొత్తం ఒక్కసారి లేపితే మాత్రం అంత టైం దొరకదు.

బుడగలు వచ్చిన ప్రతిసారీ భయపడనక్కర్లేదు, వాసన లేకపోతే అది చాలావరకు మామూలు గాలో నత్రజనో. అలాగే వెలుతురు తగిలే వైపు అద్దానికీ ఇసుకకీ మధ్య ఆకుపచ్చగానో ముదురు గోధుమరంగుగానో కనిపించేది ఉత్త నాచు. అక్కడ అద్దానికి బయట నల్ల కాగితం అంటించి రెండు వారాలు ఉంచితే తగ్గిపోతుంది. మీది అది కాదు, వాసనే చెబుతోంది.

చేయాల్సింది ఇది. ఎయిర్ పంప్ ఫుల్లుగా పెట్టండి. ట్యాంకును మనసులో ఐదారు భాగాలుగా అనుకుని, వారానికి ఒక భాగంలో మాత్రమే సైఫన్ పైపు నేరుగా ఇసుకలోకి దించి, ఆ నల్ల ఇసుకను మురికితో సహా బకెట్లోకి లాగేయండి. లాగిన చోట మళ్లీ నింపొద్దు, పక్క ఇసుకను పైపైన జరిపితే చాలు, మందం దానంతటదే తగ్గుతుంది. లాగిన నీళ్ల స్థానంలో క్లోరిన్ పోయిన నీళ్లు పోయండి. మిషన్ భగీరథ నీళ్లయితే ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి. ఇదంతా చేస్తున్నప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ గాలి పీలుస్తుంటే వెంటనే ఆపేసి, సగం నీళ్లు మార్చండి.

ఎండాకాలంలో ఇది ఇంకా త్వరగా ముదురుతుందని గుర్తుంచుకోండి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, కుళ్లడం మాత్రం వేగంగా జరుగుతుంది. మే నెలలో తిండి తగ్గించి వేయండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే వారానికోసారి చీపురు పుల్లతో ఇసుకలో అక్కడక్కడా గీతలు గీయండి. ఇంకా మంచి ఉపాయం ట్రంపెట్ నత్తలు. సన్నగా, పొడుగ్గా, మొనదేలిన గుల్లతో ఉంటాయి. పగలంతా ఇసుకలో దూరి తిరుగుతూ దాన్ని గుల్లగా ఉంచుతాయి, రాత్రి లైటు తీశాక బయటికి వస్తాయి. మన చెరువుల్లోనూ ఉంటాయి గానీ చెరువు నత్తలతో పరాన్నజీవులు వస్తాయి, అందుకే తెలిసినవాళ్ల ట్యాంకులోంచి నాలుగు అడిగి తెచ్చుకోండి. తిండి ఎక్కువైతే అవి తెగ పెరుగుతాయి. ట్యాంకు నిండా నత్తలే కనిపిస్తుంటే చేపలకు ఎక్కువ వేస్తున్నారని అర్థం.

ప్రశ్న: అండర్ గ్రావెల్ ఫిల్టర్ మీద ఇసుక వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: వేయొద్దండి. ఆ ఫిల్టర్ అంటే ట్యాంకు అడుగున రాళ్ల కింద పరిచే సందుల ప్లేటే కదా. ఆ సందుల్లోంచి ఇసుక కిందికి జారి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఆ ప్లేటు తీసేసి స్పాంజ్ ఫిల్టర్ పెట్టుకోండి, ఇసుక ట్యాంకుకు దాన్ని మించింది లేదు.

ప్రశ్న: చేపలు ఉన్న ట్యాంకులోనే రంగురాళ్లు తీసేసి ఇసుక వేయాలనుకుంటున్నాను. ఎలా?
– ఒక ఉపాధ్యాయుడు, హుజూరాబాద్

జవాబు: మాస్టారూ, ఇందులో కనిపించని చిక్కు ఒకటుంది. చేపల వ్యర్థాల్లోంచి అమ్మోనియా వస్తుంది, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్లోనూ, ఆ రాళ్ల మీదా అంటుకుని ఉంటుంది. రాళ్లన్నీ ఒకేసారి తీసేస్తే దాంట్లో మంచి భాగం పోతుంది, నీళ్లు తేటగానే కనిపిస్తూ అమ్మోనియా పెరుగుతుంది. కాబట్టి సగం రాళ్లు ఈ వారం, మిగతా సగం రెండు వారాల తర్వాత. తీసిన రాళ్లలో కొన్ని ఒక పాత మేజోడులో కట్టి మూడు, నాలుగు వారాలు ట్యాంకులోనే ఒక మూలన ఉంచండి. ఆ రోజుల్లో ఫిల్టర్ స్పాంజిని కడగొద్దు, తప్పనిసరైతే కుళాయి కింద కాకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండండి. తిండి సగానికి తగ్గించండి.

ఇసుక దింపడానికి ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగు కోసేసి మూతి కిందికి పెట్టి, ఆ మూతి ట్యాంక్ అడుగుకు ఆనించి, పైనుంచి తడి ఇసుక కొద్దికొద్దిగా వేయండి. ఇలా వేస్తే నీళ్లు పెద్దగా కలగవు. పవర్ ఫిల్టర్ ఉంటే ఇసుక వేసేటప్పుడు, వేశాక రెండు గంటలు ఆపేయండి, ఎయిర్ మాత్రం నడవనివ్వండి. మరుసటి రోజుకు తేటబడుతుంది.

ప్రశ్న: మొక్కల కోసం ఇసుక కింద మా చేని నల్లమట్టి పొర వేస్తే ఎలా ఉంటుంది? మేము మిర్చి, పత్తి వేస్తాం.
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: అన్నా, ఇసుక ఉత్త రాయిపొడి, దాంట్లో మొక్కకు తిండి ఉండదు, కాబట్టి కింద మట్టి వేయాలన్న ఆలోచన సరైనదే. కానీ ఆ చేని మట్టి వద్దు. మిర్చికి, పత్తికి కొట్టిన మందులు మట్టిలో మిగిలి ఉంటాయి, చేపకు, ముఖ్యంగా రొయ్యకు, చాలా కొద్ది మందు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. డీఏపీ, యూరియా వేసిన మట్టి నుంచి అమ్మోనియా కూడా దిగుతుంది. పైగా నల్లరేగడిలో సున్నపు గడ్డలు సాధారణం. మందులు, ఎరువులు తగలని చోటి ఎర్రమట్టి తీసుకుని, వేళ్లు, రాళ్లు ఏరేసి, ఒక అంగుళం మించకుండా పరిచి, పైన అంగుళం ఇసుక కప్పండి. మొదటి రోజు నుంచే మొక్కలు ఒత్తుగా పెట్టాలి, వేళ్లే ఆ మట్టిలోకి ఆక్సిజన్ తీసుకెళ్తాయి. ఇది పెద్ద పని అనిపిస్తే ఉత్త ఇసుకలో వాలిస్నేరియా నాటి, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చండి, అదీ బాగానే పెరుగుతుంది.

ప్రశ్న: వైజాగ్ వెళ్లినప్పుడు పిల్లలు బీచ్ ఇసుక, గవ్వలు తెచ్చారు. ట్యాంకులో వేయమని గోల చేస్తున్నారు.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: ఉప్పు కడిగితే పోతుంది గానీ అందులో గుల్లల పొడి పోదు, గవ్వలైతే పూర్తిగా సున్నమే. ట్యాంకులో వద్దు. ఒక గాజు సీసాలో వేసి ట్యాంక్ పక్కన షోకేసులో పెట్టండి, పిల్లలూ ఊరుకుంటారు.

ప్రశ్న: ఇసుక శుభ్రం చేయడానికి సక్కర్ ఫిష్ వేయమని షాపులో చెప్పారు. నిజమేనా? ఇసుక మీద ఏ చేపలు బాగుంటాయి?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: సక్కర్ ఫిష్ ఇసుకను శుభ్రం చేయదు. అది నాచు తింటుంది, తిన్నదానికి రెట్టింపు మురికి చేసినట్టు కనిపిస్తుంది, పెరిగితే ఒక అడుగు పొడవు దాటుతుంది. పెద్దయ్యాక ఉంచుకోలేక చాలామంది చెరువుల్లో వదిలేస్తున్నారు, అక్కడ అది మన చేపల తిండికి, గుడ్లకు ఎసరు పెడుతుంది. మీ దగ్గర ఉంటే షాపుకే తిరిగి ఇచ్చేయండి.

ఇసుకను నిజంగా ఇష్టపడేవి కోరీలు. దక్షిణ అమెరికా నదుల్లోని చేపలివి. వాటిని దగ్గరగా చూడండి. మూతి కళ్ల దాకా ఇసుకలో ముంచి, నోటి నిండా తీసుకుని, తిండి ఉంచేసుకుని, ఇసుకను మొప్పల సందుల్లోంచి రెండు సన్నని ధారలుగా వదిలేస్తాయి. రాళ్ల మీద పెంచిన కోరీ ఈ పని చేయలేదు పాపం. ఒక్కటే తేవొద్దు, ఆరింటికి తగ్గకుండా తెచ్చుకోండి. అయితే చాలా రకాల కోరీలకు 22 నుంచి 26 డిగ్రీల నీళ్లు కావాలి, మన ఎండాకాలంలో గదిలో నీళ్లు 30 దాటతాయి. వేడి తట్టుకునే స్టెర్బై రకం అడగండి, పాండా కోరీ వద్దు. ఏప్రిల్ వచ్చిందంటే మూత తీసి నీటి పైభాగానికి చిన్న ఫ్యాను తిప్పి పెట్టండి, ఆవిరైన కొద్దీ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, తగ్గిన నీళ్లు నింపుతుండాలి. వేడికి ఇంకా ఓర్చుకునేది కూలీ లోచ్ అనే సన్నటి పాములాంటి చేప. గోల్డ్‌ఫిష్‌కు కూడా గులకరాళ్ల కంటే ఇసుకే క్షేమం, సరిగ్గా నోటికి పట్టేంత రాయి గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉండదు. గప్పీలు, మోలీలు, ఏంజెళ్లు నీళ్ల పైభాగంలో, మధ్యలో తిరిగేవి, వాటికి అడుగున ఏముందన్న పట్టింపు లేదు.

రంగు మాత్రం ఆలోచించి ఎంచుకోండి. తెల్లటి ఇసుక మీద చేపలు తమ రంగు తగ్గించుకుని వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, మురికి కూడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గోదావరి ఇసుక రంగే నాకు అన్నిటికంటే ఇష్టం.

ప్రశ్న: ఇసుక వేసినప్పటి నుంచి ఫిల్టర్ మోటార్ గరగరమంటోంది, అద్దం మీద గీతలు కూడా పడ్డాయి.
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: మోటార్ లోపల తిరిగే చిన్న చక్రంలో ఇసుక చేరింది. ప్లగ్ తీసేసి, విప్పి, ఆ చక్రం, అది కూర్చునే గుంత రెండూ పాత టూత్‌బ్రష్‌తో కడగండి. తర్వాత ఫిల్టర్ నీళ్లు పీల్చే మూతిని ఇసుకకు కనీసం మూడు అంగుళాల పైన ఉండేలా జరిపి, మూతికి స్పాంజ్ ముక్క తొడగండి. గీతలకు కారణం మాగ్నెట్ క్లీనర్. ఇసుక అంచు దాకా దించితే ఒక రేణువు అందులో ఇరుక్కుని అద్దమంతా గీస్తుంది. కింది రెండు అంగుళాలు మాగ్నెట్‌తో కాకుండా పాత ప్లాస్టిక్ కార్డుతో గీకండి. పడిన గీతలు పోవు, కొత్తవి పడవు.